లెక్క అడిగితే దేవుణ్ణి చూపించడం

కోల్‌కతాలో గిరీశ్ పార్క్ దగ్గర కడుతూ ఉన్న వివేకానంద ఫ్లైఓవర్ 2016 మార్చి 31 మధ్యాహ్నం జనం మీద కూలింది. పాతిక మందికి పైగా చనిపోయారు. కూలిన భాగంలో అంతకు ముందు రాత్రే కాంక్రీటు పోశారు. కడుతున్నది హైదరాబాద్ కంపెనీ ఐవీఆర్‌సీఎల్. విలేఖరులు నిలదీస్తే కంపెనీ అధికారి ఒకరు, ఇది ‘యాక్ట్ ఆఫ్ గాడ్’ తప్ప మరొకటి కాదన్నారు. ఆ పూట గాలివాన లేదు, భూకంపం లేదు, పిడుగు పడలేదు. అయినా దేవుడి పేరు బయటికి వచ్చేసింది. వారం రోజులకి బెంగాల్ ఎన్నికల సభలో ప్రధాని మోదీ ఆ మాటకి ప్రాస కలిపి, ఇది యాక్ట్ ఆఫ్ గాడ్ కాదు, యాక్ట్ ఆఫ్ ఫ్రాడ్ అని ఎద్దేవా చేశారు. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో తీగల వంతెన తెగి 135 మంది పోయారు. దాని నిర్వహణ చూస్తున్న కంపెనీ మేనేజరు కోర్టులో అంతా భగవంతుడి ఇచ్ఛ అన్నాడు. ప్రధాని పాత ప్రసంగాన్ని ఈసారి ప్రతిపక్షాలు తవ్వి తీశాయి.

మన ఊళ్ళలోనూ దేవుడి మీద భారం వెయ్యడం కొత్త కాదు. పంట కొట్టుకుపోయిన రైతు ‘మన చేతుల్లో ఏముంది’ అంటాడు, కొడుకుని పోగొట్టుకున్న తల్లి ‘వాడి తలరాత’ అంటుంది. ఇక్కడ తేడా ఒకటి గమనించాలి. తలరాత అనేది నష్టపోయినవాడు తనకి తాను చెప్పుకునే ఊరట. యాక్ట్ ఆఫ్ గాడ్ అనేది నష్టానికి జవాబు చెప్పాల్సినవాడు ఎదుటివాడికిచ్చే సంజాయిషీ. దేవుడు ఒక్కడే అయినా, ఒకరు దుఃఖం దిగమింగడానికి తలుచుకుంటే ఇంకొకరు డబ్బు ఎగ్గొట్టడానికి తలుచుకుంటున్నారు. ఇంగ్లిష్ నుడికారం మొదటినుంచీ ఈ రెండో పనికే పుట్టింది.

అది పుట్టింది ప్రవచనాల్లో కాదు, కోర్టుల్లో. 16వ శతాబ్దం చివరికే ఇంగ్లండ్ న్యాయవాదులు దీన్ని వాడుతున్నారు. ఒప్పుకున్న పని పూర్తి కాకముందే మనిషి చనిపోతే, ఆ చావు దేవుడి పని కాబట్టి పని జరగలేదని అతన్ని తప్పుపట్టకూడదు అన్నట్టుగా. తర్వాత ఇది బళ్ళ మీద సరుకు తోలేవాళ్ళ చేతికి వచ్చింది. 1785లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ముందుకి ఒక కేసు వచ్చింది. బీరు తయారీలో వాడే హాప్స్ బస్తాలు బండివాడికి అప్పగించారు. అతను సరుకు దించుకున్న చోటికి సుమారు వంద గజాల దూరంలో నిప్పు రాజుకుని, మంటలు పాకి బస్తాలు కాలిపోయాయి. బండివాడి తప్పు రవ్వంత లేదని అందరూ ఒప్పుకున్నారు. అయినా డబ్బు కట్టమనే తీర్పు వచ్చింది. మనిషి చెయ్యి ఎక్కడా తగలకుండా జరిగితేనే దేవుడి పని, పిడుగు పడి అంటుకుంటే సరే కానీ ఎవడో రాజేసిన నిప్పు దేవుడి ఖాతాలోకి రాదు అన్నాడు మాన్స్‌ఫీల్డ్. దొంగలు దోచుకుపోయినా బండివాడిదే పూచీ అని కూడా అన్నాడు. లేకపోతే బండివాడే దొంగలతో కుమ్మక్కవుతాడు, సరుకు ఆసామి అది రుజువు చెయ్యలేడు. కఠినంగా కనిపిస్తుంది గానీ, రాత్రిపూట అడవి దారిలో ఏం జరిగిందో సరుకు ఆసామికి ఎలా తెలుస్తుంది?

మన ధర్మశాస్త్రం ఇక్కడ కాస్త మెత్తగా ఉంది. యాజ్ఞవల్క్య స్మృతి ప్రకారం దాచమని ఇచ్చిన సొమ్ము రాజువల్ల గాని, దైవంవల్ల గాని, దొంగలవల్ల గాని పోతే దాచినవాడు తిరిగి కట్టనక్కర్లేదు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యే మితాక్షర. దాన్నే 13వ శతాబ్దంలో తిక్కన శిష్యుడు కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెనిగించాడు. అంటే ‘రాజదైవికం’ అనే భావం యాక్ట్ ఆఫ్ గాడ్‌కంటే చాలా ముందే మన దగ్గరుంది. నాకు అందులో నచ్చింది రాజుని దైవం పక్కన కూర్చోబెట్టడం. సామాన్యుడికి రెండూ తప్పించుకోలేనివే కదా. అయితే ఆ మినహాయింపు ఇచ్చింది ఊరికే నమ్మి దాచమన్న సొమ్ముకి. కిరాయి పుచ్చుకుని బండి తోలేవాడిది వేరే సంగతి. స్మృతికారుడూ మాన్స్‌ఫీల్డూ ఎదురెదురుగా కూర్చుంటే ఈ తేడా దగ్గరే రాజీపడేవారేమో.

వందేళ్ళు తిరిగేసరికి ఇంగ్లండ్‌లోనే పట్టు సడలింది. లండన్ నుంచి అబర్దీన్‌కి ఓడలో పంపిన ఒక ఆడ గుర్రం, సముద్రం అల్లకల్లోలమై కొంతా, బెదిరి కాళ్ళు కొట్టుకుని కొంతా దెబ్బలు తగిలి చనిపోయింది. 1876లో కోర్టు ఓడవాళ్ళని వదిలేసింది. తెలివైనవాడు పడవలసిన జాగ్రత్త పడ్డాక కూడా ఆపలేకపోతే చాలు, అంతకంటే అసాధ్యాన్ని రుజువు చెయ్యమనకూడదు అన్నారు. ‘మనిషి చెయ్యి తగిలిందా’ అనే ప్రశ్న మెల్లగా ‘ముందు ఊహించగలడా, ఊహించి ఏం చేశాడు’ అనే ప్రశ్నగా మారింది. ఆ తర్వాత వాదనలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే.

అదే ఏడాది చెషైర్‌లో ఒక తోటలోని చెరువుల కేసు తేలింది. వాగుకి అడ్డుకట్టలు కట్టి అలంకారంగా నీళ్ళు నిలిపారు. 1872 జూన్‌లో ఎవరూ ఎరగనంత వాన కురిసి కట్టలు తెగి, దిగువన నాలుగు వంతెనలు కొట్టుకుపోయాయి. ఆ వాన దేవుడి పనేనని కోర్టు ఒప్పుకుంది, చెరువుల ఆసామి గెలిచారు. స్కాట్లండ్‌లోని గ్రీనక్ పురపాలక సంఘం వాగు దారి మార్చి పిల్లలు ఆడుకునే నీటి తొట్టె కట్టింది. కుంభవృష్టికి నీరు పొంగి రైల్వే ఆస్తి పాడయింది. 1917లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ వానని దేవుడి పనిగా ఒప్పుకోలేదు. వాగుని తన దారిన పోనిస్తే ఆ నీళ్ళు ఎవరి మీదా పడేవి కావు, దారి మార్చినవాడే సర్దుకోవాలి అన్న ధోరణిలో తీర్పిచ్చి, పనిలో పనిగా చెషైర్ తీర్పు మీదా అనుమానం వేసింది. పల్లంలో కాలనీ వేసి, నాలా మీద షాపులు కట్టి, తర్వాత వానని తిట్టే మన పట్టణాలకి గ్రీనక్ తీర్పు వందేళ్ళ కిందటే రాసిపెట్టినట్టుంది.

మన దేశపు తీర్పుల్లో నేను తరచూ తిరగేసేది 1958 నాటి మధ్యప్రదేశ్ హైకోర్టుది. ఒక ఇంటి గోడ వానకి కూలి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఇంటి యజమాని యాక్ట్ ఆఫ్ గాడ్ అన్నాడు. ఆ రోజు వాన 2.66 అంగుళాలు, అంటే మన కొలతలో సుమారు 68 మిల్లీమీటర్లు. వానాకాలంలో ఆ మాత్రం వాన పడుతుందని ఎవరికి తెలియదు, గోడ ఆ వానకి ఆగేలా ఉంచుకోవలసింది అని కోర్టు కొట్టిపారేసింది. 68 మిల్లీమీటర్లంటే జులైలో తెలుగు జిల్లాల్లో ఏ మండలంలోనైనా పడే వాన. కేరళ హైకోర్టు 1971లో, అల్లరి మూక లారీ ఆపి సరుకు దోచుకుపోతే అది దేవుడి పని కాదని తేల్చింది. మాన్స్‌ఫీల్డ్ తర్కం సముద్రం దాటి ఇక్కడికి వచ్చిందన్నమాట. గుజరాత్‌లో ఒక జలాశయం నుంచి వదిలిన నీళ్ళు తోటలు ముంచేస్తే ప్రభుత్వం అతివృష్టి అని వాదించింది. 2016లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోకుండా పరిహారం ఇప్పించింది.

అన్నీ ఒకే దారిన పోలేదు. రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు విరిగి ఆఫీసుకి పోతున్న మనిషి మీద పడితే, హైకోర్టు మునిసిపాలిటీని తప్పుపట్టినా 1997లో సుప్రీంకోర్టు వదిలేసింది. ఊళ్ళో ప్రతి చెట్టునీ రోజూ తట్టి చూడమని అడగలేం అన్నది దాని సారాంశం. ఆచరణలో అది నిజమే. కానీ పోయినవాడి కుటుంబం మాత్రం ఆ చెట్టు ఎవరిదని ఎవర్ని అడగాలో తెలియక మిగిలిపోయింది.

దేవుడి పేరు ఎత్తడానికే వీల్లేని చోటు ఒకటుంది. 1985 డిసెంబరులో ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారంలో ఓలియం వాయువు లీకయింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగి అప్పటికి ఏడాదే. ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని ధర్మాసనం మరుసటేడు, ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడికి 19వ శతాబ్దపు ఇంగ్లిష్ మినహాయింపులు ఏవీ వర్తించవని చెప్పింది. లాభం నీదైనప్పుడు ప్రమాదమూ నీదే, వాన వంక, పిడుగు వంక పనికిరావు అని. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి 12 మంది చనిపోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ కట్టమంది. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ మూతపడి ఉండటమే కారణమన్న వాదన ఇలాంటి చోట నిలవదు. మూసి ఉంచిన ట్యాంకుని కూడా చల్లగా ఉంచవలసింది మనుషులే.

ఒప్పందాల సంగతి వేరు. అక్కడ ఇద్దరూ ముందే కూర్చుని రాసుకుంటారు కాబట్టి చట్టం కూడా రాసుకున్నదాన్ని చూస్తుంది. 1872 కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం పని అసాధ్యమైతే ఒప్పందం రద్దు. అయితే కష్టమైంది, ఖర్చు పెరిగింది అంటే అసాధ్యం కాదు. 1954లో కలకత్తా స్థలాల కేసులో సుప్రీంకోర్టు, యుద్ధకాలంలో సర్కారు భూమి తాత్కాలికంగా స్వాధీనం చేసుకున్నంత మాత్రాన ప్లాట్ల ఒప్పందం చచ్చిపోలేదు అంది. 2017లో ఇండోనేషియా బొగ్గు ధర పెరిగిందని విద్యుత్ కంపెనీలు ఇదే పాట పాడితే, ధర పెరగడం వ్యాపారంలో మామూలే అని తోసిపుచ్చింది. కరోనా వచ్చాక అసలు పరీక్ష ఎదురైంది. 2020 ఫిబ్రవరి 19న, ఇంకా దేశంలో లాక్‌డౌన్ లేనప్పుడే, కేంద్ర ఆర్థిక శాఖ ఒక మెమో ఇచ్చింది. చైనా నుంచి సరఫరా ఆగితే దాన్ని ప్రకృతి విపత్తుగా పరిగణించి ఫోర్స్ మెజ్యూర్ (మనిషి ఆపలేని పరిస్థితుల) నిబంధన వాడుకోవచ్చని. గుత్తేదార్లు సంతోషించారు. అదే ఏడాది ఆగస్టు 27న జీఎస్టీ మండలి సమావేశం తర్వాత ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ రాబడి పడిపోవడాన్ని యాక్ట్ ఆఫ్ గాడ్ అన్నారు. ఈసారి ఊరుకోనివి రాష్ట్రాలు. లోటు ఎంతైనా భర్తీ చేస్తామని 2017లో చట్టం చేసి మాటిచ్చాక, కట్టాల్సిన వేళ దేవుణ్ణి చూపిస్తే ఎలా? ఆమె భర్త, నరసాపురానికి చెందిన పరకాల ప్రభాకర్ కూడా ఆ మాటని విమర్శించారు. చివరికి కేంద్రమే అప్పు తెచ్చి రాష్ట్రాలకి సర్దింది. కరోనా మనుషుల చేతిలో లేనిదే, ఒప్పుకుందాం. కానీ వచ్చిన లోటు ఎవరి నెత్తిన పడాలన్నది మాత్రం పూర్తిగా మనుషులు తేల్చుకోవలసిందే. ఈ రెంటినీ కలిపి చెప్పడంలోనే ఈ నుడికారపు గారడీ అంతా ఉంది.

బీమా గురించి జనంలో ఒక అపోహ బలంగా ఉంది, దానికి సినిమాల పుణ్యం కొంత. ‘గోపాల గోపాల’లో వెంకటేశ్ దుకాణం భూకంపానికి కూలుతుంది. యాక్ట్ ఆఫ్ గాడ్ కాబట్టి బీమా రాదంటారు, అతను దేవుడి మీద కేసు వేస్తాడు. హిందీలో ‘ఓ మై గాడ్’, దానికి ముందు గుజరాతీ నాటకం, ఇంకా ముందు 2001 ఆస్ట్రేలియా సినిమాలో పిడుగు పడిన పడవ, అన్నీ ఒకే కథ. తమాషాగా ఉంటుంది గానీ మన బీమా కంపెనీల్లో పరిస్థితి తలకిందులు. మన అగ్నిప్రమాద పాలసీల్లో ఆ మాట ఉండేది నష్టం కట్టనని చెప్పడానికి కాదు. పిడుగు, తుపాను, వరద, కొండచరియ లాంటి వాటిని ‘యాక్ట్ ఆఫ్ గాడ్’ ప్రమాదాల కింద కవర్ చేస్తూనే, క్లెయిములో 5 శాతం, కనీసం 10,000 రూపాయలు మీరు భరించండి అనేవారు. భూకంపానికి విడిగా అదనపు ప్రీమియం కట్టి రక్షణ తీసుకోవాల్సి వచ్చేది. ఆ దుకాణదారు నిజంగా మన కంపెనీకి వెళ్ళి ఉంటే అతన్ని ఓడించేది దేవుడు కాదు, ఏజెంటు చెప్పని ఆ అదనపు కాగితం. 2021 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారాలకి వచ్చిన ప్రామాణిక పాలసీలో భూకంపాన్ని ముందే కలిపేశారు.

రైల్వేవాళ్ళ దగ్గర ఈ మాట ఇంకా అచ్చంగా చట్టంలోనే ఉంది. 1989 రైల్వే చట్టం 93వ సెక్షన్‌లో సరుకు నష్టానికి రైల్వే బాధ్యత తప్పించే కారణాల జాబితా యాక్ట్ ఆఫ్ గాడ్‌తోనే మొదలవుతుంది. చాలామంది అక్కడే చదవడం ఆపేస్తారు. జాబితా అయిపోయాక ఒక మెలిక ఉంది. అలాంటి కారణం ఉన్నా సరే, తగిన ముందుచూపు, జాగ్రత్త చూపించామని రైల్వే రుజువు చెయ్యకపోతే బాధ్యత పోదు. విమానాల్లోనూ పొగమంచు వంటివి ‘అసాధారణ పరిస్థితుల’ కిందికొస్తే పరిహారం రాదు. అయితే యూరప్ కోర్టులు కంపెనీల మెడ గట్టిగానే పట్టుకున్నాయి. 2008లో విమానంలో సాంకేతిక లోపం అసాధారణం కిందికి మామూలుగా రాదన్నారు. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతపు బూడిదకి విమానాలు ఆగిపోతే పరిహారం అక్కర్లేదు గానీ, చిక్కుకుపోయినవాళ్ళకి తిండి, బస ఖర్చు కట్టాల్సిందేనని 2013లో తేల్చారు.

ఇక మన దగ్గరి చెయ్యేరు నది సంగతి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లా రాజంపేట ఎగువన ఆ నది మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగింది. పైనున్న పింఛా కట్ట అంతకు ముందే తెగి ఆ నీరూ వచ్చి కలిసింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళ మీదికి నీరు ఎగబడింది. డ్యాం తట్టుకోగలిగేది 2.17 లక్షల క్యూసెక్కులు, వచ్చింది 3.2 లక్షలు, ఎవరం ఏం చెయ్యగలం అన్నది రాష్ట్ర ప్రభుత్వ వాదన. ఐదు గేట్లలో ఒకటి పనిచెయ్యలేదని కేంద్ర మంత్రి షెకావత్ పార్లమెంటులో అన్నారు. రెండూ నిజమే కావచ్చు, అక్కడే చిక్కు. గ్రీనక్ పద్ధతిలో చూస్తే అడగవలసిన ప్రశ్నలు వేరు. ఆ గేటు ఎన్నాళ్ళుగా అలా ఉంది, దానికి నిధులు అడిగారా, అడిగితే ఎవరు ఆపారు? వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చాక నీళ్ళు ముందుగా ఎంత వదిలారు? దిగువ ఊళ్ళలో దండోరా ఎప్పుడు వేశారు? వాన ఎంత పడిందన్నది ఈ ప్రశ్నల్లో ఆఖరిది. కానీ మన చర్చల్లో అదే మొదటిది, తరచుగా ఒకే ఒకటి కూడా.

సరిగ్గా అదే తేదీన, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్కే దాదాపు పది వేల మంది. ఆనాడు రేడియోలో తుపాను హెచ్చరిక విన్నవాళ్ళకి కూడా సముద్రం ఊళ్ళ మీదికి అంత ఎత్తున వస్తుందని తెలియదు, ఎక్కి కూర్చోవడానికి మేడ లేదు. దాన్ని దైవఘటన అన్నా ఎవరూ తప్పుపట్టరు. తర్వాత తీరమంతా తుపాను రక్షణ భవనాలు లేచాయి, రాడార్లు వచ్చాయి, ఉపగ్రహాలు వచ్చాయి. 2014లో హుద్‌హుద్ నేరుగా విశాఖ నెత్తిన దిగినా పోయిన ప్రాణాలు వేలల్లో లేవు. తుపాను మారలేదు, తెలుసుకునే శక్తి మారింది. ముందు తెలుసుకోగలిగినది పెరిగేకొద్దీ చట్టం ప్రకారం దేవుడి వాటా తగ్గాలి. మైకుల ముందు మాత్రం పెరుగుతోంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని రోజుల తరబడి ముంచేసినప్పుడు ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన మాట వాస్తవం. బుడమేరుని ‘బెజవాడ దుఃఖదాయిని’ అని పిలవడం మాత్రం ఆ ఏడు మొదలైంది కాదు. దుఃఖం తెస్తుందని పేరులోనే ఉన్న వాగు పొంగితే అనుకోని విపత్తు అని రాయడానికి కాస్త గుండె ధైర్యం కావాలి.

ఇప్పుడు ఈ వాదన ఇంకో మలుపు తిరుగుతోంది. వడగాడ్పు, కుంభవృష్టి, కరిగే మంచు, వీటిలో మనిషి తగలబెట్టిన బొగ్గు, చమురు వాటా ఎంతో లెక్క కట్టడం శాస్త్రవేత్తలకి కొంతవరకు చేతనైంది. అలాంటప్పుడు వానే మనిషి పని అయిపోతే? పెరూలో ఆండీస్ కొండల్లో ఉండే ఒక రైతు, పైన హిమనదం కరిగి సరస్సు నిండిపోతోందని, దిగువన తన ఇంటికి ముప్పు ఉందని జర్మనీ విద్యుత్ కంపెనీ ఆర్‌డబ్ల్యూఈ మీద దావా వేశాడు. ప్రపంచపు ఉద్గారాల్లో ఆ కంపెనీ వాటా అర శాతం లోపు. రక్షణ పనుల ఖర్చులో అంత వంతు కట్టమన్నాడు. 2025 మే 28న హామ్ పైకోర్టు దావా కొట్టేసింది. సరస్సు నీళ్ళు రాబోయే ముప్ఫై ఏళ్ళలో అతని ఇంటిదాకా వచ్చే అవకాశం బాగా తక్కువని నిపుణులు తేల్చడమే దానికి కారణం. ఉద్గారాలు చేసినవాడు దూరదేశంలో జరిగిన నష్టానికి బాధ్యుడు కావచ్చు అనే సూత్రాన్ని మాత్రం అదే తీర్పులో ఒప్పుకుంది.